పెనం కడిగిందెవరు?

పెనం మెరుస్తోంది.

వచ్చిన చిక్కల్లా అదే. వేరే ఏ ఇంట్లోనైనా పెనం మెరిస్తే కోడల్ని మెచ్చుకుంటారు. ఈ ఇంట్లో మాత్రం మామగారు పెరటి గడప మీద చతికిలబడి, గుండె మీద చెయ్యి వేసుకుని, "చంపేశారు! పెద్దావిణ్ణి చంపేశారు!" అని వీధి దద్దరిల్లేలా అరుస్తున్నారు.

పెద్దావిడ అంటే మనిషి కాదు. ఆ పెనమే. బండి చక్రమంత ఇనప పెనం, దానికి మూరెడు పిడి. మామగారి ముత్తాత కొన్ననాటి నుంచి దాని మీద నీటిచుక్క పడి ఎరగదు. ఏటా అట్ల పండగ రోజున దాన్ని మైదానంలో పొయ్యి మీదకెక్కించి ఊరందరికీ అట్లు పోస్తారు. అంచులు జాలీలా విచ్చుకుని, నడుమ దూదిలా పొంగి, నాలుకకి కాస్త పులుపు తగిలే అట్టు. ఆ ఊరికున్న పరువంతా ఆ అట్టే. అట్టుకున్న రుచంతా పెనంలోదే అని ఊరి నమ్మకం. తరాల తరబడి నూనె కాగి, మాడి, పేరుకుని దాని మీద నల్లటి పొర కట్టింది. చూసేవాళ్ళకి అది జిడ్డు. మామగారి ముందు ఆ మాటంటే పళ్ళు రాలగొడతారు. 'సారం' అనాలి.

ఇప్పుడా సారం లేదు. కొట్టు గదిలోంచి నలుగురు మోసుకొచ్చి, పెరట్లో దించి, కప్పిన గుడ్డ లాగితే పెనంలో మామగారి మొహం కనిపించింది. తన మొహం చూసుకుని ఆయన అంతగా జడుసుకోవడం అదే మొదలు.

"ఎవరు కడిగారు?" అన్నాడు పండగ కమిటీ ప్రెసిడెంటు. ఊళ్ళో మైకు సెట్లు అద్దెకిచ్చేది ఆయనే. మైకు లేనప్పుడు కూడా మైకులోనే మాట్లాడతాడు.

తలలన్నీ ఒకేసారి చిన్నకోడలి వైపు తిరిగాయి.

చిన్నకోడలికి ఒళ్ళు మండింది. "నన్నెందుకు చూస్తారు?"

ఎందుకో ఆమెకి తెలుసు. వీధి చివర లాండ్రీ ఆమెదే. కాఫీ మరకలు, సిరా మరకలు, పెళ్ళి బట్టల మీద పడ్డ పులుసు మరకలు, ఏదైనా సరే వదలగొట్టి పంపిస్తుంది. అది చాలదన్నట్టు, కాపురానికొచ్చిన కొత్తలో కొట్టు గదిలో ఈ పెనాన్ని చూసి, పాపం పుణ్యం తెలియక, "దీన్నెప్పుడూ కడగరా?" అని అడిగేసింది. ఆ పూట మామగారు అన్నం ముట్టలేదు. ఆ ప్రశ్న బజారంతా తిరిగి, మంగలి షాపులో మకాం పెట్టి, ఇప్పటికీ నవ్వుల పాలవుతూనే ఉంది.

"గది తాళం పగల్లేదు," అన్నాడు ప్రెసిడెంటు. "తాళంచెవి ఒకటి మీ మామగారి మెళ్ళో. రెండోది వంటింట్లో మేకుకి. అంటే ఇంటి మనిషి పనే. పెద్దకోడలు పుట్టింట్లో ఉంది..."

"అదృష్టవంతురాలు," అంది చిన్నకోడలు.

"ఇంటి మనిషేమిటయ్యా!" మామగారు గడప మీంచి లేచారు. "ఇదిగో, వీడి పని! మా ముత్తాత పెనాన్ని కాజెయ్యాలని వీడి తాత నుంచీ చూస్తున్నారు!"

వీడు అంటే బేకరీ ఆయన. మామగారికి వరసకి తమ్ముడు. సందట్లో సందడిగా ఎప్పుడొచ్చాడో, గోడకానుకుని తీరిగ్గా బన్ను తింటున్నాడు.

"నేనెందుకు కడుగుతానన్నయ్యా? నాకు దాన్ని కడగాలని లేదు, కావాలని ఉంది," అన్నాడు. "రాత్రంతా ప్రెసిడెంటు గారింట్లో పేకాడుతున్నా. కావాలంటే అడుగు. అయినా కట్టుబాటు నాకు తెలుసు, నీకూ తెలుసు. పెనాన్ని కాపాడుకోలేని ఇంట్లో పెనం ఉండకూడదు. తప్పు చేసిన మనిషి పేరు వేదిక మీద చెప్పాలి. పెనం మా ఇంటికి రావాలి."

ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. "పేకాట సంగతి బయట అనకు. మిగతాదంతా నిజమే."

అప్పటికి మైదానంలో బ్యాండు మొదలైంది. జనం ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు. చిన్నకోడలి కళ్ళ ముందు తన బతుకంతా ఒక్కసారి తిరిగింది. జరిగిపోయినది కాదు, జరగబోయేది. రేపటి నుంచి లాండ్రీకి వచ్చే ప్రతివాడూ అంటాడు, "అమ్మా, చొక్కా జాగ్రత్త, పెనాన్ని తోమినట్టు తోమకు." ఈమె ముసలిదైపోయి పళ్ళూడాక కూడా పిల్లలు వేలు పెట్టి చూపిస్తారు, "అదిగో, పెనం కడిగినావిడ." చచ్చాక కూడా ఆ పేరే.

మొగుడు పక్కకొచ్చి గుసగుసగా అన్నాడు. "నువ్వే అయితే నాతో చెప్పెయ్. నేను నాన్నతో నెమ్మదిగా మాట్లాడతా."

"మీరు మీ నాన్నతో నెమ్మదిగా మాట్లాడి ఏం సాధించారో చెప్పండి ముందు."

ఆలోచించాడు. ఏదీ గుర్తు రాలేదు.

"ప్రెసిడెంటు గారూ," అంది చిన్నకోడలు, కొంచెం గట్టిగానే. "మొదటి అట్టు దిగేదాకా ఆగండి. ఈ లోపల ఎవరో నేను తేలుస్తా. తేల్చలేకపోతే నా పేరే చెప్పుకోండి."

"మొదటి అట్టా? కడిగిన పెనం మీద అట్టెలా దిగుతుందమ్మా?"

"ఎందుకు దిగదు?" అని వెనక నించి ఒక గొంతు. "పొయ్యి వెలిగించండి. పిండి పులిసి కూర్చుంది. అది మీ ఏడుపులు అయ్యేదాకా ఆగదు."

అత్తగారు. ఏప్రన్ కట్టుకుని, జేబుల్లో చేతులు పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఇంట్లో పిండి కలిపేది ఆవిడే, అట్టు పోసేదీ ఆవిడే. మామగారు పెనానికి వారసులు. పెనం పక్కన నిలబడి ఫొటోలు దిగడం ఆయన పని.

"నీకు మతి పోయిందా?" అని మామగారు అరిచారు. "సారం పోయాక అట్టేమిటి?"

"వరసలో ఉన్న జనానికి సారం పోసి పెడతారా? మొయ్యండి పెనాన్ని."

నలుగురూ మోశారు. అత్తగారు గట్టిగా చెప్పాక మొయ్యకుండా ఉండటం ఆ వీధిలో ఎవరికీ అలవాటు లేదు.

మైదానం వెనక రేకుల షెడ్డు ఉంది. పెనాన్ని అక్కడ గోడకి జారేసి, మనుషులు పొయ్యికి కట్టెలు సర్దడానికి వెళ్ళారు. చిన్నకోడలు పెనం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. మరకని చూస్తే చాలు, అది ఏం చేస్తుండగా పడిందో ఆమె చెప్పగలదు. మరక లేకపోవడం కూడా ఒక మరకే అనుకుంది.

వేలితో రాసి చూసింది. జిడ్డు లేదు గానీ, పల్చగా నూనె తగిలింది. వెనక్కి తొంగి అడుగు చూసింది. అడుగున మసి మసిలాగే ఉంది. వెనకవైపు ముట్టుకోనే లేదు.

నలుగురు మనుషులు లేనిదే ఆ పెనం కదలదు. కొట్టు గదిలో గోడకి జారేసి ఉన్నది ఉన్నట్టే ముందువైపు మాత్రం తోమారంటే, వచ్చింది ఒక్క మనిషే. సరే. మరి నూనెందుకు రాశారు? పగతో వచ్చినవాడు నీళ్ళు కొట్టి, తోమి, అలాగే వదిలేసి పోతాడు. ఇనుము కదా, తెల్లారేసరికి ఎర్రగా తుప్పు పట్టి ఉండాలి. ఇక్కడ తుప్పు చుక్క లేదు. తోమి, తడి తుడిచి, ఆరబెట్టి, నూనె పట్టించారు. పసిపిల్లకి స్నానం చేయించి ఒళ్ళు తుడిచినట్టు.

వాసన చూసింది. సబ్బు. నిమ్మకాయ. బేకరీలో రేకులు కడిగే మందు ముక్కు మండిస్తుంది, ఇది అది కాదు. వంటింటి సబ్బు.

"ఏం కనిపెట్టావు?" అన్నాడు వెనక నుంచి బేకరీ ఆయన. ఈసారి రెండో బన్ను.

"చిన్నమామయ్యా, మీరు మా పెనం ఎత్తుకుపోవాలనుకుంటే దాన్ని కడుగుతారా?"

"ఛీ, పిచ్చిదానా! కడిగిన పెనం నాకెందుకు? జనం కొనేది నల్లదనాన్ని." అని ఆగాడు. తన మాట తనకే వినిపించింది. "అంటే... ఇప్పుడు కూడా పరవాలేదులే. పేరుంది కదా దానికి."

ఈయన కాదు. మామగారు? సబ్బు ఏ షెల్ఫులో ఉంటుందో ఆయనకి తెలియదు. మొగుడు? తన కాఫీ కప్పు తను కడిగిన రోజు ఈమె క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటుంది. మరి ఈ ఇంట్లో పెనాన్ని ముట్టుకుని, తడి ఆరనిచ్చి, నూనె రాయడం తెలిసిన మనిషి ఎవరు?

ఆమె అక్కడే ఆగిపోయింది. పొద్దుట నుంచీ ఏదో తేడాగా ఉందనిపిస్తోంది. ఇప్పుడు తట్టింది. అత్తగారు చేతులు తిప్పకుండా మాట్లాడింది.

అత్తగారికి చేతులు కట్టేస్తే నోరు రాదు. కూరగాయలవాడితో బేరమైనా, మొగుడితో గొడవైనా రెండు చేతులూ గాల్లోనే ఉంటాయి. టెలిఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా అవతలివాళ్ళకి చేత్తో దారి చూపిస్తుంది. అలాంటావిడ ఇంత గొడవలోనూ జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.

షెడ్డు పక్కన పిండి బకెట్లు పెట్టిన గదిలో అత్తగారు ఒక్కతే ఉంది. చిన్నకోడలు లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"అత్తయ్యా, ఆ గరిటె ఇలా ఇవ్వండి."

"నువ్వే తీసుకో, చేతికందేట్టే ఉందిగా."

"మీరే ఇవ్వండి."

అత్తగారు కోడలి మొహం చూసింది. నెమ్మదిగా చేతులు బయటికి తీసింది. వేళ్ళ చివర్లు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. గోళ్ళ కింద ఇంకా నలుపు. బొటనవేలి పక్కన ఇనప పీచు కోసిన గీతలు. లాండ్రీ పెట్టిన మొదటి ఏడాది చిన్నకోడలి చేతులు అచ్చం ఇలాగే ఉండేవి.

"నిమ్మకాయ తగిలి మండుతోందే," అంది అత్తగారు. "ఎంతకీ వదల్లేదు ఆ ముండ."

"అత్తయ్యా! ఎందుకు?"

"ఎందుకా?" చేతులు దొరికేసరికి అత్తగారికి నోరొచ్చింది. రెండూ గాల్లోకి లేచాయి. "కాపురానికొచ్చిన ఏడాది నేను పోశాను అట్టు. ఊరంతా లొట్టలేసింది. మా అత్తగారు ఏమందో తెలుసా? 'పెనం మంచిది కాబట్టి గట్టెక్కావు' అంది. ఆవిడ పోయింది. ఆ మాట పోలేదు. పిండి నేను రుబ్బాలి. పులుపు ఎక్కువ కాకుండా నిద్ర మానుకుని నేను కాపలా కాయాలి. పొగలో కళ్ళు నేను పోగొట్టుకోవాలి. చివర్న పతకం ఎవరికి? పెనం పిడికి! ఏటా ఓ పతకం. ఆ పిడికున్నన్ని పతకాలు సైన్యంలో ఎవడికీ లేవు."

"దానికే..."

"దానికి కాదు. మొన్న టీవీ వాళ్ళొచ్చారా? పెనాన్ని పైనుంచి తీశారు, పక్కనుంచి తీశారు, దగ్గరగా తీశారు. నేను అప్పుడే పిండి పట్టుకొచ్చా. ఆ కుర్రది నాతో ఏమందీ? 'అమ్మా, కాస్త జరగండి, పెనం మీద మీ నీడ పడుతోంది.'" అత్తగారి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "మీ మామగారు కూడా, 'జరగవే' అన్నారు."

చిన్నకోడలు గరిటె తనే తీసి బకెట్లో వేసింది.

"రుచి దాంట్లో ఉందో నా చేతిలో ఉందో ఒక్కసారి తేలిపోవాలి అనుకున్నా. కడిగా. ఆయన మొదటి అట్టు తిని 'అదే రుచి' అంటారు చూడు, ఆ మరుక్షణం నేనే చెప్తా అందరికీ. కడిగింది నేనని ముందే చెప్తే ఆయన నాలుకకి తేడా తెలిసిపోతుంది. తెలియకపోయినా తెలిసిందంటారు."

"మరి నన్నంటున్నారు కదా?"

అత్తగారి మొహం వాడిపోయింది. "బేకరీ వాణ్ణంటారు అనుకున్నానే. నిందలు ఎంత తేలిగ్గా కోడళ్ళ మీదకి దొర్లుతాయో మర్చిపోయా. నేనూ కోడలిగా చేసి చాలా కాలమైంది. చెప్పేసుకో పో. నీ మెడ మీద కత్తి ఉంది, నేను కాదనను."

బయట ప్రెసిడెంటు మైకు కీచుమంది.

"అట్టు బాగా రాకపోతే?" అంది చిన్నకోడలు.

"రాకపోతే ఇన్నేళ్ళూ మా అత్తగారిదే నిజం."

చిన్నకోడలు బకెట్టు ఒక పక్క పట్టుకుంది. "రెండో పక్క పట్టుకోండి. అట్టు దిగేదాకా నేను నోరు విప్పను. దిగాక మాత్రం మీరు చెప్పాలి. మాట తప్పితే మీ దుప్పట్లు నా షాపులో ఉతకను."

వేదిక ముందు ఇసకేస్తే రాలనంత జనం. పొయ్యి మీద పెనం వెండిలా మెరుస్తుంటే ముందు వరసల్లో గుసగుస మొదలై, వెనక్కి పాకి, మైదానం గేటు దాకా పోయింది. "కడిగేశారంట!" "ఎవరంట?" "ఇంకెవరు, లాండ్రీ కోడలు!" చిన్నకోడలు వేదిక పక్కన నిలబడి అన్నీ వింది. పళ్ళు బిగించి మింగింది.

అత్తగారు ఎవర్నీ చూడలేదు. కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనమంతా రుద్దింది. పొగ లేచేదాకా కాచి, తుడిచి, మళ్ళీ రాసింది. మళ్ళీ కాచింది. వెండి కాస్తా తేనె రంగుకొచ్చింది. తేనె గోధుమ రంగైంది. జనం విసుక్కున్నారు. ప్రెసిడెంటు మైకులో పెనం వంశచరిత్ర ఎత్తుకున్నాడు. పెనం రంగు ముదిరి నల్లబారుతుండగా అత్తగారు గరిటె ముంచింది.

పిండి చుయ్యిమంది. గుండ్రంగా పరుచుకుంది. బుడగలు లేచాయి, పగిలాయి, చిల్లులు పడ్డాయి. అత్తగారు పొడుగాటి అట్లకాడని అంచు కిందకి పోనిచ్చింది. కదల్లేదు.

మామగారు కళ్ళు మూసుకున్నారు. బేకరీ ఆయన కళ్ళు ఇంకా పెద్దవి చేసుకున్నాడు.

అత్తగారు తొందరపడలేదు. అంచు వెంబడి నాలుగు చుక్కలు నూనె జార్చి ఊరుకుంది. ఏదో వింటున్నట్టు తల వంచింది. పొయ్యిలోంచి కట్టె ఒకటి వెనక్కి లాగించింది. మళ్ళీ అట్లకాడ పెట్టి చటుక్కున మణికట్టు తిప్పింది. అట్టు గాల్లోకి లేచి, ఒక్క పల్టీ కొట్టి, బోర్లా పడింది. బంగారు రంగు. ఎక్కడా చిరుగు లేదు.

ముందు వరసవాళ్ళు మునివేళ్ళ మీద లేచారు.

మొదటి ముక్క పెనం వారసుడు తినాలి, తిని మైకులో నిజం చెప్పాలి. అది ఆచారం. బాగుంటే 'అదే రుచి' అనాలి. మామగారు ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. మళ్ళీ తుంచి మళ్ళీ నమిలారు. ఆయన మొండివాడే గానీ నాలుక దగ్గర అబద్ధమాడే మనిషి కాదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అదే రుచి," అన్నారు. "అచ్చం అదే."

జనం ప్లేట్లు గాల్లోకి ఎగరేశారు. అత్తగారు అట్లకాడ కింద పెట్టి, మొహం తుడుచుకుని, మైకు దగ్గరికి నడిచింది. "అయ్యా, ఒక మాట..."

"చూశారా!" ప్రెసిడెంటు మైకులో గావుకేక పెట్టాడు. "చూశారా పెనం మహిమ! కడిగినా పోలేదు రుచి! ఇనుము లోపలికి ఇంకిపోయిందయ్యా సారం! పెనానికీ..."

"జై!" అంది జనం.

"ప్రెసిడెంటు గారూ, నేను చెప్పేది..." అత్తగారి చేతులు గాల్లో ఆడుతున్నాయి. గొంతు మాత్రం ఆవిడ దగ్గరే ఆగిపోయింది.

"కాస్త జరగండమ్మా, పతకం వెయ్యాలి!"

ఆవిడ జరిగింది. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే జరిగాయి. ప్రెసిడెంటు వంగి, ఈ ఏటి పతకాన్ని పెనం పిడికి తొడగబోయాడు. మామగారు పిడిని ప్రేమగా నిమిరారు. అత్తగారు ఖాళీ చేతుల వంక చూసుకుని, మళ్ళీ వాటిని జేబుల్లో పెట్టేసుకుంది.

"పతకం సంగతి సరే, పేరు చెప్పండి!" అని బేకరీ ఆయన కింద నుంచి అరిచాడు. "రుచి ఉంటే ఉంది. కట్టుబాటు కట్టుబాటే! కడిగిన మనిషి పేరు చెప్పి పెనం నాకివ్వండి!"

"అవునవును," అని ప్రెసిడెంటు లేచాడు. "మొదటి అట్టు దిగింది. గడువైపోయింది. అమ్మా లాండ్రీ కోడలా, తేల్చావా లేక నీ పేరే..."

చిన్నకోడలు రెండంగల్లో వేదికెక్కింది. ప్రెసిడెంటు చేతిలోంచి మైకు ఎవరైనా లాక్కోవడం ఆ ఊళ్ళో అంతవరకు జరగలేదు. కాబట్టి ఆయన గట్టిగా పట్టుకోలేదు. రెండో చేతిలోంచి పతకం కూడా లాక్కుంది.

"ఇవ్వమ్మా, అది పెనానిది!"

"పెనం కావాలన్నవాళ్ళకే పెనం ఇచ్చెయ్యండి. చిన్నమామయ్యా, రండి, మోసుకుపోండి. మాకొద్దు," అంది మైకులో. ఆమె గొంతు ఊరవతలి దాకా మోగింది. మామగారు నోరు తెరిచారు. బేకరీ ఆయన రెండడుగులు ముందుకేసి, ఏదో అనుమానం వచ్చి ఆగిపోయాడు. "తీసుకెళ్ళి మీ బేకరీలో పెట్టుకుని, దాని మీద మీరే పోసుకోండి అట్టు. ఏ రుచి వస్తుందో చూద్దాం."

జనం గోల తగ్గింది. అర్థమైనవాళ్ళు అర్థం కానివాళ్ళని మోచేత్తో పొడుస్తున్నారు.

అత్తగారు తలెత్తి కోడలి వంక చూసింది. వద్దనలేదు. జేబుల్లోంచి చేతులు బయటికి తీసింది, తెల్లగా నాని, నల్లటి గోళ్ళతో, అందరికీ కనిపించేలా.

చిన్నకోడలు వెళ్ళి పతకాన్ని ఆవిడ మెళ్ళో వేసి, మైకు మళ్ళీ నోటి దగ్గర పెట్టుకుంది.

"పెనం కడిగింది మా అత్తగారు!"